ఛాతీ మీది కెమెరా చూసేదెంత?

ఇళ్లకు వెళ్లి వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేయడం నా వృత్తి. కొన్నేళ్ల క్రితం ఒక ఇంట్లో పని ముగించి సామాను సర్దుకుంటుండగా, పక్కనున్న గాజు తలుపు అడుగున ఒక పగులును చూపించి, నేను మెషీన్‌ను బయటికి లాగినప్పుడే అది ఏర్పడిందని ఇంటివారు అన్నారు. నేను గదిలో అడుగుపెట్టేసరికే ఆ పగులు ఉంది. దాన్ని చూశాను కూడా, కాని చూసినట్టు ఎవరితోనూ అనలేదు. నా మాటకు ఆధారం లేదు, వారి మాటకూ లేదు; అలాంటి తగాదాలో నష్టపోయేది సాధారణంగా బయటినుంచి వచ్చినవాడే. తలుపు ఖరీదులో సగం నేను భరించాను. ఆ వారంలోనే చొక్కాకు తగిలించుకునే కెమెరా, అంటే బాడీ కెమెరా, ఒకటి కొన్నాను.

ఇప్పుడు నా దగ్గరున్నది మూడోది. మొదటి రెండూ చెడిపోలేదు. పెట్టె మీద రాసినట్టే పనిచేశాయి, కాని అవసరమైన రోజున అవసరమైనది చూపించలేదు. ఆ రెండు కెమెరాలవల్ల నాకు తెలిసివచ్చినది ఇది: కెమెరా ఎంత స్పష్టంగా చూస్తుందన్నది మూడో ప్రశ్న. ఆ క్షణంలో అది నడుస్తున్నదా అన్నది మొదటిది, నడుస్తూ ఎటు చూస్తున్నదన్నది రెండోది. అమ్మేవారు మాత్రం మూడో ప్రశ్నకే పెద్ద అక్షరాల్లో సమాధానం రాస్తారు; మొదటి రెండింటి సంగతి కొన్నవాడు వాడుకలో తెలుసుకోవలసిందే.

నా మొదటి కెమెరా పెట్టె మీద '4కే' అని, అంటే చిత్రం ఎంతో స్పష్టంగా వస్తుందని, ఉంది. నెల తిరగకుండానే మళ్లీ ఒక చిన్న వివాదం వచ్చింది. ఈసారి ధీమాగా ఇంటికి వచ్చి వీడియో తెరిచాను. గంటన్నర సేపు తెరలో కింది సగమంతా గోధుమరంగు మసకే కనిపించింది. అది నా పనిముట్ల సంచి పట్టీ. సంచి భుజాన వేసుకుని నడిచినప్పుడు పట్టీ ఛాతీకి అడ్డంగా జరిగి లెన్స్‌ను సగం కప్పేసింది. ఈ కెమెరాల లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది. సుమారు అర మీటరు దాటిన వస్తువులే స్పష్టంగా పడతాయి, అంతకన్నా దగ్గరున్నది ఎంత మంచి కెమెరాలోనైనా మసకే. పైన మిగిలిన సగంలో ఆ ఇంటి పైకప్పు, ఫ్యాను ఎంతో చక్కగా పడ్డాయి.

ఈ పరికరం మొదట మనకోసం పుట్టినది కాదన్న సంగతి గుర్తుంచుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. 2005-06 ప్రాంతంలో బ్రిటన్‌లోని ప్లిమత్ నగరంలో పోలీసులు దీన్ని ప్రయోగాత్మకంగా వాడారు. 2012లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రియాల్టో అనే చిన్న పట్టణపు పోలీసు విభాగంలో ఏడాదిపాటు ఒక ప్రయోగం జరిగింది. అక్కడ బలప్రయోగాలు దాదాపు సగానికి తగ్గాయనీ, పౌరుల ఫిర్యాదులు బాగా పడిపోయాయనీ తేలడంతో ప్రపంచమంతటా పోలీసులు వీటిమీద ఆసక్తి చూపారు. తరువాత వాషింగ్టన్ నగరంలో 2,000 మందికి పైగా పోలీసులతో జరిగిన మరింత పెద్ద ప్రయోగం ఫలితాలు 2017లో వెలువడినప్పుడు, కెమెరా ధరించినవారికీ ధరించనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి కెమెరా ఉంటే ఎదుటివారు మర్యాదగా ప్రవర్తిస్తారన్న ప్రచారాన్ని నమ్మి కొనవలసిన పని లేదు. జరిగినదాన్ని భద్రపరచడానికి కొనవచ్చు.

పోలీసు కెమెరా వెనుక ఒక వ్యవస్థ ఉంటుంది. డ్యూటీ ముగియగానే దాన్ని డాక్ అనే చార్జింగ్ స్టాండులో పెడతారు. అది చార్జ్ అవుతుంది, వీడియోలు వాటంతటవే సర్వర్‌కు చేరతాయి, గడియారం సరిదిద్దుకుంటుంది, ఏ వీడియోను ఎన్నాళ్లు ఉంచాలో నియమం రాసి ఉంటుంది, ఎవరు తెరిచి చూశారో నమోదవుతుంది. మనం ఒక కెమెరా కొనుక్కుంటే ఆ డాక్, ఆ సర్వర్, ఆ గుమాస్తా అన్నీ మనమే. కొనేటప్పుడు ఈ చాకిరీని లెక్కలోకి తీసుకోనివారి కెమెరాలు మూడో నెలలో సొరుగులోకి చేరతాయి. నా రెండో కెమెరా అలాగే చేరింది.

మరి ఫోన్ ఉండగా ఇదెందుకు అని అడిగేవారున్నారు. ఫోన్‌కు ఒక చెయ్యి కావాలి, జేబులోంచి తీసి తాళం తెరిచి కెమెరా యాప్ నొక్కేలోపు జరగవలసింది జరిగిపోతుంది. పైగా ఫోన్ ఎత్తి మొహానికి గురిపెట్టడమే చాలామందికి కోపం తెప్పిస్తుంది. ఆటల్లో, సాహసయాత్రల్లో వాడే యాక్షన్ కెమెరాలు చిత్రాన్ని అద్భుతంగా తీస్తాయి, కాని గంట, రెండు గంటలకు బ్యాటరీ అయిపోతుంది, గాలి ఆడని చోట వేడెక్కి ఆగిపోతాయి కూడా. బాడీ కెమెరా చిత్రంలో వీటికన్నా తక్కువదే అయినా ఒక పూట నిలుస్తుంది, ఒక్క బటన్‌తో నడుస్తుంది.

ఆ బటన్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా రెండో కెమెరా విఫలమైంది అక్కడే. దానికి ఉన్నది ఒకే నొక్కుడు బటన్. ఒకసారి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఒక సాయంత్రం రోడ్డు మీద ఒక వ్యక్తి నా బండిని ఆపి గొడవకు దిగినప్పుడు కంగారుగా బటన్ నొక్కాను. అంతకుముందు పని దగ్గర మొదలుపెట్టిన రికార్డింగ్‌ను ఆపడం మరిచిపోయానన్న సంగతి నాకు గుర్తులేదు. నా నొక్కుడుతో అది కాస్తా ఆగిపోయింది. నేను ఇంటికి ప్రయాణించిన ఇరవై నిమిషాలూ వీడియోలో ఉన్నాయి, గొడవ మాత్రం లేదు.

అందువల్ల కెమెరా చేతిలోకి తీసుకోగానే కళ్లు మూసుకుని దాన్ని నడపగలనా లేదా అని చూడడం నాకు అలవాటైంది. పైకీ కిందికీ జరిగే స్విచ్ ఉంటే వేలితో తడిమి అది ఏ స్థితిలో ఉందో చెప్పవచ్చు. నొక్కుడు బటన్‌తో అది సాధ్యం కాదు. బటనే ఉంటే కనీసం మొదలైనప్పుడు ఒకసారి, ఆగినప్పుడు రెండుసార్లు కంపించేదిగా ఉండాలి. బీప్ శబ్దం మాత్రమే ఉన్నది రద్దీలో వినిపించదు. చేతి తొడుగులు వేసుకుని పనిచేసేవారు వాటితోనే నొక్కి చూడాలి. రికార్డింగ్, ఫొటో, టార్చ్ అని ఒకే పరిమాణంలో మూడు నాలుగు బటన్లు వరుసగా ఉన్న కెమెరాను నేను సిఫారసు చేయను. తొందరలో టార్చ్ వెలుగుతుంది.

ఈ సమస్యకు ఉన్న మరో మంచి పరిష్కారం 'ప్రీ-రికార్డింగ్'. ఇది ఉన్న కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ చూస్తూనే ఉంటుంది, కాని చివరి 30 సెకన్లనో ఒక నిమిషాన్నో మాత్రమే తాత్కాలికంగా నిలుపుకుని పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. మనం బటన్ నొక్కిన క్షణాన, ఆ నిలుపుకున్న ముక్కను ముందు చేర్చి అక్కడినుంచి రికార్డు చేస్తుంది. గొడవ మొదలయ్యాకే మనిషికి బటన్ గుర్తొస్తుంది కాబట్టి ఆ వెనుకటి అర నిమిషం చాలా విలువైనది. ఎవరు ముందు నోరు జారారో, ఎవరు ముందు చెయ్యి ఎత్తారో సాధారణంగా అందులోనే ఉంటుంది. కొన్ని కెమెరాలు ఈ ముందరి భాగంలో చిత్రాన్ని మాత్రమే ఉంచి ధ్వనిని ఉంచవు, ఆ తేడాను సెట్టింగుల్లో చూసుకోవాలి. ఈ సౌకర్యానికి బ్యాటరీతో మూల్యం చెల్లించాలి. నొక్కకపోయినా చిత్రాన్ని గ్రహించే సెన్సర్ పనిచేస్తూనే ఉంటుంది కనుక, తయారీదారు చెప్పే 'స్టాండ్‌బై' గంటలకు ఇక అర్థం ఉండదు.

ఇక ఎటు చూస్తుందన్న ప్రశ్న. 120, 130, 140 డిగ్రీల వెడల్పు అని రాసి ఉంటే ఎక్కువైనది మేలని అనుకుంటాం. వెడల్పు పెరిగేకొద్దీ అదే సంఖ్యలో ఉన్న పిక్సెళ్లు, అంటే చిత్రంలోని చుక్కలు, ఎక్కువ దృశ్యం మీద పరుచుకోవాలి, కాబట్టి ఒక్కో ముఖానికి దక్కేవి తగ్గిపోతాయి. ఒక కాగితం మీద లెక్క వేద్దాం. 1080పీ వీడియోలో అడ్డంగా 1,920 పిక్సెళ్లు ఉంటాయి. వాటిని 130 డిగ్రీలకు పంచితే డిగ్రీకి దాదాపు 15 వస్తాయి. మనిషి ముఖం వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. మీటరు దూరంలో అది 8 డిగ్రీలకు పైగా ఆక్రమిస్తుంది కనుక 125 పిక్సెళ్ల దాకా దక్కుతాయి, మనిషిని సులువుగా గుర్తుపట్టవచ్చు. 3 మీటర్ల దూరంలో అదే ముఖానికి 42 పిక్సెళ్లే మిగులుతాయి. 6 మీటర్లకు 21, అంటే అక్కడ ఒక మనిషి ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది. అదే కెమెరా 90 డిగ్రీలే చూసేదైతే 3 మీటర్ల దగ్గర 60కి పైగా పిక్సెళ్లు వస్తాయి, కాని పక్కనుంచి వచ్చినవాడు చట్రంలోకే రాడు.

ఎవరికి ఏది కావాలన్నది వారు ఎంత దూరంలో మనుషులతో మెలగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇళ్లకు వెళ్లే నర్సులు, నాలాంటి మెకానిక్‌లు, డెలివరీ చేసేవారు, దుకాణంలో నిలబడేవారు మీటరు నుంచి రెండు మీటర్ల దూరంలోనే మాట్లాడతారు. వారికి వెడల్పు ఎక్కువ ఉండడమే మంచిది. వాహనాల నంబర్ ప్లేటు కోసం సైకిల్ మీద వెళ్లేవారు కొంటే, వారికి అర మీటరు వెడల్పున్న ప్లేటు 10 మీటర్ల దూరంలో ఇదే లెక్కన 42 పిక్సెళ్లు మాత్రమే పొందుతుందని తెలిసి ఉండాలి. పది అక్షరాలున్న ప్లేటైతే ఒక్కో అక్షరానికి నాలుగు పిక్సెళ్లు వస్తాయి. దాన్ని ఎవరూ చదవలేరు. నంబరు కనిపించగానే గట్టిగా పైకి చదివితే అది మైక్‌లో పడుతుంది. ఇంతకన్నా నమ్మకమైన ఉపాయం నాకు దొరకలేదు. గాజు తలుపు పగులు విషయంలోనూ ఇప్పుడు నేను చేసేది అదే. గదిలోకి వెళ్లగానే ఉన్న పగుళ్లను, గీతలను వేలితో చూపిస్తూ పైకి చెబుతాను.

లెక్క ఇలా ఉన్నప్పుడు నిజమైన 4కే ఉపయోగపడదా అంటే తప్పక ఉపయోగపడుతుంది; అడ్డంగా 3,840 పిక్సెళ్లు ఉంటాయి కనుక పై అంకెలన్నీ రెట్టింపవుతాయి. చిక్కు ఆ 'నిజమైన' అన్న మాట దగ్గరే ఉంది. 4కే చిత్రానికి సెన్సర్‌లో కనీసం 83 లక్షల పిక్సెళ్లు ఉండాలి. చవక కెమెరాల్లో 20 లక్షల పిక్సెళ్ల సెన్సర్ పెట్టి, ఆ చిత్రాన్నే సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కే అని పేరు పెట్టడం మామూలు. సాగదీసిన చిత్రంలో కొత్త వివరం ఏదీ ఉండదు, ఫైలు మాత్రం బరువవుతుంది. ఇలాంటి కెమెరాను పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వార్తాపత్రిక పుటను గోడకు అంటించి, మూడు మీటర్ల దూరంలో నిలబడి 1080పీలో ఒకసారి, 4కేలో ఒకసారి తీయాలి. రెండింటిలోనూ చదవగలిగిన అతి చిన్న అక్షరం ఒకటే అయితే ఆ 4కే అట్టపెట్టెకే పరిమితం.

నా మటుకు నాకు 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు సరిపోతున్నాయి. పిక్సెళ్లకన్నా వెలుతురే ఎక్కువగా చిత్రాన్ని పాడుచేస్తుంది. చీకటి మెట్లమీద కెమెరా తన షట్టర్‌ను ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతు దాకా తెరిచి ఉంచుతుంది. మామూలుగా నడిచే మనిషి ఆ వ్యవధిలో దాదాపు 5 సెంటీమీటర్లు కదులుతాడు, అంటే అతని ముఖంలో మూడో వంతు. దానికి మన ఛాతీ కదలిక కూడా కలుస్తుంది. అందుకే రాత్రి వీడియోలో ఆగి నిలబడినప్పటి ఫ్రేములే పనికొస్తాయి. మాట్లాడేటప్పుడు మనం రెండు క్షణాలు కదలకుండా నిలబడితే మంచి కెమెరా కొన్నంత ఫలితం ఉంటుంది.

చీకటి కోసం చాలా కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు ఉంటాయి. వీటిలో రెండు రకాలున్నాయి. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న దీపం వెలిగినప్పుడు చిన్న ఎర్రటి మెరుపు కంటికి కనబడుతుంది, వెలుగు దూరం పోతుంది. 940 నానోమీటర్లది కనబడదు, కాని సెన్సర్లు ఆ కాంతిని తక్కువగా గ్రహిస్తాయి కనుక దూరం తగ్గుతుంది. రెండింటిలోనూ చిత్రం నలుపు తెలుపుల్లోనే వస్తుంది. ఆ నలుపు తెలుపులు కూడా నమ్మదగినవి కావు: చాలా నల్లరంగు అద్దకాలు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకోవు, వెనక్కి కొడతాయి, అందువల్ల నల్ల చొక్కా వీడియోలో తెల్లగానో లేత బూడిదరంగుగానో కనబడుతుంది. నా నల్లటి పని ప్యాంటు, అదే రంగు బూట్లు మా ఇంటి వసారాలో తీసిన వీడియోలో రెండు వేర్వేరు రంగులుగా పడ్డాయి. వీడియోను చూసి 'తెల్ల చొక్కా వేసుకున్న వ్యక్తి' అని ఫిర్యాదులో రాసేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. నంబర్ ప్లేట్లు కూడా ఈ కాంతిని తిప్పికొట్టి తెల్లటి పలకలుగా మారిపోతాయి.

ధ్వనిని ఎవరూ పట్టించుకోరు, కాని చాలా తగాదాల్లో విలువైనది మాటలే. కెమెరాను నీళ్లు చొరకుండా మూసేకొద్దీ మైక్ రంధ్రం మీద పొర వస్తుంది, గొంతు దుప్పటి కింద మాట్లాడినట్టు వినిపిస్తుంది. గంజి పెట్టిన చొక్కా, రెయిన్‌కోటు, జిప్పు ఉన్న జాకెట్ ప్రతి అడుగుకీ గరగరలాడుతాయి. కెమెరాను రెండు అంగుళాలు పక్కకు జరిపితే ఆ శబ్దం పోవచ్చు. ఇంట్లో పది నిమిషాలు నడిచి, మెట్లెక్కి, మాట్లాడి, ఇయర్‌ఫోన్‌తో విని చూడడమే మార్గం. నీటి రక్షణ గురించి ఇంతే చెబుతాను: ఐపీ67 అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీటిలో అరగంట నిలుస్తుంది; కాని చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగా మూసి ఉన్నప్పుడే.

బ్యాటరీ దగ్గర మిల్లీ ఆంపియర్ అవర్లను చూసి మోసపోకుండా ఉండడానికి వాట్ అవర్లలోకి మార్చుకోవాలి. 3,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 3.7 వోల్టుల వద్ద దాదాపు 11 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. రికార్డింగ్‌లో కెమెరా ఒకటిన్నర వాట్లు తింటే ఏడు గంటల పైచిలుకు వస్తుంది. వైఫై, ఇన్‌ఫ్రారెడ్ రెండూ వెలిగించి అది రెండున్నర వాట్లకు చేరితే నాలుగున్నర గంటలకు మించదు. లిథియం బ్యాటరీలు కొన్ని వందల చార్జింగుల తరువాత సుమారు ఐదో వంతు సామర్థ్యం కోల్పోతాయి కాబట్టి, ఎనిమిది గంటల పనిదినం ఉన్నవారు పది గంటలు వచ్చేదాన్ని ఎంచుకుంటే రెండో ఏడు కూడా సరిపోతుంది. బ్యాటరీ మార్చుకునే వీలుంటే మరీ మంచిది. నా మూడో కెమెరాను ఎంచుకోవడానికి సగం కారణం అదే. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏ బ్యాటరీనీ వదలకూడదు.

నిల్వ లెక్క సులువు. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో రాసే వీడియో గంటకు నాలుగున్నర జీబీ తీసుకుంటుంది. 64 జీబీ కార్డులో పధ్నాలుగు గంటలు పడుతుంది. హెచ్.265 అనే కొత్త కుదింపు పద్ధతి ఉంటే ఇంచుమించు అదే నాణ్యతకు సగం స్థలం చాలు, కాని పాత కంప్యూటర్లు, కొన్ని ఫోన్లు ఆ ఫైలును తెరవలేవు. వీడియోను ఎవరికైనా చూపించవలసి వచ్చినప్పుడు వారి దగ్గర తెరుచుకోకపోతే ఇబ్బంది కనుక నేను పాత హెచ్.264లోనే ఉంచుకున్నాను. కార్డు నిండగానే పాతదాన్ని చెరిపి కొత్తది రాసే లూప్ రికార్డింగ్‌ను పెట్టుకున్నవారు, ముఖ్యమైన ముక్కకు తాళం వేసే బటన్ ఎక్కడుందో తెలుసుకోవాలి. లేకపోతే కావలసిన సోమవారాన్ని గురువారం తినేస్తుంది.

కార్డు విషయంలో పొదుపు చేయవద్దు. రోజంతా రాస్తూ చెరుపుతూ ఉండే పనికి మామూలు కార్డులు త్వరగా అరుగుతాయి. ఇలాంటి పనికోసమే 'హై ఎండ్యూరెన్స్' అని ముద్రించిన కార్డులు దొరుకుతాయి. వీడియో వేగం సెకనుకు ఒకటింపావు మెగాబైట్ మాత్రమే కాబట్టి, సెకనుకు 30 మెగాబైట్ల కనీస వేగానికి హామీ ఇచ్చే వీ30 గుర్తు ఉండి తీరాలనేమీ లేదు, మన్నిక ముఖ్యం. కార్డు అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఇంకా ముఖ్యం. 8 జీబీ చిప్‌ను 128 జీబీగా చూపించే నకిలీ కార్డులు కాపీ చేసేటప్పుడు ఏ లోపమూ చూపవు, నిండిన తరువాత రాసినదంతా గాలిలో కలుస్తుంది. కార్డును చివరివరకూ నింపి తిరిగి చదివి సరిచూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కొత్త కార్డును ఒక రాత్రి వాటికి వదిలేయండి.

గడియారం గురించి ఒక మాట. కెమెరాలోని చవక క్వార్ట్జ్ గడియారం రోజుకు రెండు సెకన్లదాకా తప్పడం మామూలే, నెలకు అది నిమిషమవుతుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రోజున కొన్ని కెమెరాలు ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లిపోతాయి. వీడియో మూలన తప్పు తేదీ ముద్రపడితే, ఎదుటివారికి దాన్ని తోసిపుచ్చడానికి అంతకన్నా మంచి సాకు అక్కరలేదు. జీపీఎస్ ఉన్న కెమెరా ఉపగ్రహాలనుంచి సమయం తెచ్చుకుంటుంది. లేనివాటికి నాదొక అలవాటు ఉంది. ప్రతి ఉదయం రికార్డింగ్ మొదలుపెట్టి ఫోన్‌లోని గడియారాన్ని రెండు సెకన్లు లెన్స్ ముందు పెడతాను. ఆ రోజు గడియారం ఎంత తప్పినా తేడా ఎంతో ఆ ఫ్రేమే చెబుతుంది.

తగిలించుకునే పద్ధతుల్లో మొసలి క్లిప్పు, అయస్కాంతం, పట్టీల జీను అని మూడున్నాయి. జేబుకు క్లిప్పుతో తగిలించిన కెమెరా మనం వంగినప్పుడు నేలను చూస్తుంది. అయస్కాంతం చొక్కాకు లోపల ఒక పలక, బయట కెమెరా పెట్టి పట్టుకుంటుంది, ఊగదు, కాని ఒక ప్రమాదం ఉంది: గుండెకు పేస్‌మేకర్ లేదా డీఫిబ్రిలేటర్ అమర్చుకున్నవారు ఇలాంటి అయస్కాంతాలను పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని వైద్యులు చెబుతారు. ఆ పరికరం సాధారణంగా ఎడమ కాలర్ ఎముక కింద ఉంటుంది. కెమెరా పెట్టుకునేదీ సరిగ్గా అక్కడే. మనకు లేకపోయినా, మనం కౌగిలించుకునే పెద్దవారికి ఉండవచ్చు.

వైఫై ఉన్న కెమెరాను తెరవగానే చేయవలసిన మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం, ఎందుకంటే చాలావాటికి ఫ్యాక్టరీలో పెట్టేది 12345678. పని లేనప్పుడు వైఫైని ఆపేయడం ఇంకా మేలు. కెమెరా ఎక్కడైనా పడిపోతే దొరికినవాడు కార్డు తీసి చూడగలడా అని ఆలోచించండి. ఫైళ్లను గుప్తీకరించే కెమెరాలు ఖరీదైనవి, కాని నా కార్డులో ఉండేది ఇతరుల ఇళ్ల లోపలి దృశ్యాలు: తాళాలు ఎక్కడ వేలాడతాయి, పిల్లలు ఏ గదిలో పడుకుంటారు, ఏ కిటికీకి గడియ లేదు. నా అజాగ్రత్తవల్ల అవి బయటపడడాన్ని నేను ఊహించుకోలేను. మూడో కెమెరాను ఎంచుకోవడానికి మిగతా సగం కారణం ఈ గుప్తీకరణే.

ఇక్కడే ఎదుటివారి హక్కు ముందుకు వస్తుంది. చట్టం దేశానికో రకంగా ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సంభాషణలో పాల్గొంటున్న ఒక్కరి అంగీకారం ఉంటే దాన్ని రికార్డు చేయవచ్చు, అంటే మన అంగీకారమే చాలు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మాత్రం ఆంతరంగిక సంభాషణకు అందరి అంగీకారమూ కావాలి. యూరప్‌లో 2014 డిసెంబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఇంటి కిటికీలు పగలగొట్టినవారిని పట్టుకోవడానికి ఒక చెక్ దేశస్థుడు పెట్టుకున్న కెమెరా వీధిని కూడా చూస్తున్నందువల్ల, దాన్ని పూర్తిగా సొంత ఇంటి వ్యవహారంగా పరిగణించి డేటా రక్షణ చట్టంనుంచి మినహాయించడం కుదరదని చెప్పింది. గోడకు ఉన్న కెమెరాకే ఇంత విచారణ ఉంటే నడిచే కెమెరా సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాము ఉన్నచోట ధ్వనికి ఒక నియమం, చిత్రానికి మరో నియమం ఉందేమో ప్రతివారూ కొనకముందే కనుక్కోవాలి.

నా పద్ధతి చెబుతాను. గుమ్మంలోనే కెమెరాను చూపించి, పని జరిగే చోటును మాత్రమే రికార్డు చేస్తాననీ, వద్దంటే ఆపేస్తాననీ, ఏ ఫిర్యాదూ లేకపోతే 30 రోజులకు చెరిపేస్తాననీ చెబుతాను. రికార్డింగ్ నడుస్తోందని చూపే ఎర్ర దీపాన్ని ఎప్పుడూ కప్పను. పదిమందిలో ఒకరో ఇద్దరో వద్దంటారు. అప్పుడు వారి ముందే ఆపి, పని మొదలుపెట్టేముందు ఫోన్‌తో మెషీన్ చుట్టూ నాలుగు ఫొటోలు తీయడానికి అనుమతి అడుగుతాను. పెన్నుల్లో, కళ్లజోళ్లలో, చొక్కా గుండీల్లో దాచిన కెమెరాల గురించి నన్ను అడిగేవారికి నా సమాధానం ఒకటే: అవి వద్దు. చిత్రం నాసిగా ఉంటుంది, బ్యాటరీ గంట నిలవదు, బయటపడిన రోజున ఆధారం సంపాదించడానికి వెళ్లినవారే ముద్దాయి అవుతారు.

వీడియో చేతికి వచ్చాక దాన్ని కత్తిరించి, పేరు మార్చి, మెసేజింగ్ యాప్‌లో పంపడం అందరూ చేసే పొరపాటు. ఆ యాప్‌లు వీడియోను మళ్లీ కుదించి, లోపలి సమయ వివరాలను తీసేస్తాయి. అసలు ఫైలును తాకకుండా రెండు చోట్ల కాపీ చేసి, ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో దాని హ్యాష్‌ను ఆ రోజే రాసిపెట్టుకోవాలి. అది 64 అక్షరాంకెల వరుస. ఫైలులో ఒక్క బిట్ మారినా వరుస మొత్తం మారిపోతుంది కనుక, తరువాత ఎవరైనా మార్చారని అంటే దాన్ని మళ్లీ లెక్కించి చూపించవచ్చు.

అంత చేసినా వీడియో పూర్తి నిజం చెబుతుందని అనుకోకూడదు. ధరించినవాడు చట్రంలో ఉండడు. 2019లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఒకే సంఘటనను కారు డ్యాష్‌క్యామ్ నుంచి చూసినవారికన్నా బాడీ కెమెరా నుంచి చూసినవారు, దాన్ని ధరించిన వ్యక్తి కావాలని చేశాడని తక్కువగా భావించినట్టు తేలింది. ఆ మనిషి అందులో అంతగా కనబడకపోవడం దానికి కొంతవరకు కారణం. నా వీడియోల్లోనూ నేను ఒక గొంతును మాత్రమే. ఒకసారి ఒక పెద్దాయనతో నేను మర్యాదగానే మాట్లాడానని నమ్మి, ఇంటికి వచ్చి ఆ వీడియో చూశాను. మాటలు మర్యాదగానే ఉన్నాయి. కాని ఆయన రెండుసార్లు వెనక్కి అడుగు వేశాడు. నేను ముందుకు జరుగుతూ వేలు ఆడిస్తున్నానన్నది వీడియోలో లేదు, ఆయన అడుగుల్లో ఉంది.

మూడో కెమెరాకూ లోపాలున్నాయి. చలికాలపు మందపాటి జాకెట్‌ను దాని క్లిప్పు సరిగా పట్టుకోదు, మెట్లు దిగేటప్పుడు జారి లెన్స్ నేలవైపు తిరుగుతుంది. పోయిన నెల జాకెట్ మీద, సంచి పట్టీ రాని ఎత్తున, నాలుగు వేళ్ల వెడల్పున్న గట్టి నాడా ముక్కను కుట్టించాను. కుట్టినతను అది దేనికని అడిగాడు. కెమెరా చూపించాను. సూది చేతిలో ఉండగానే చొక్కా సర్దుకుని, తల దువ్వుకుని, అప్పుడు కుట్టు మొదలుపెట్టాడు.